ఫోన్ ఎత్తినవారి మాట, ఎత్తనివారి ఓటు

ప్రశ్న: మేము 12 ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. 2023లో కర్ణాటక శాసనసభ ఎన్నికలకు ముందు నాకొక రికార్డు చేసిన కాల్ వచ్చింది. ఏ పార్టీకి ఓటేస్తారో అంకె నొక్కి చెప్పమని కన్నడంలో అడిగారు. నా ఓటు ఇప్పటికీ మదనపల్లెలోనే ఉంది. అయినా ఏదో ఒక అంకె నొక్కేశాను. ఇలాంటి జవాబులతో తేల్చిన అంచనాలను నమ్మవచ్చునా? లక్ష మందిని అడిగామని చెబితే నమ్మకం పెంచుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, దానితో మొదటిదాని చిక్కు కూడా కొంత విడుతుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచీ చిరునామాలు సేకరించి దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. తిరిగి వచ్చిన 20 లక్షలకు పైగా పత్రాలను లెక్కగట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలలో 46 గెలిచాడు. అంతకంటే ఎంతో తక్కువ మందిని అడిగిన సర్వే నిపుణుడు జార్జ్ గాలప్ విజేతను సరిగ్గా చెప్పాడు. ఆర్థిక మాంద్యపు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవారు ఒక వర్గం, ఆ పత్రాన్ని ఓపికగా నింపి పంపినవారు అందులో మరొక వర్గం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న మాట నిజమే గాని, మెతుకులన్నీ పైపొర నుంచే తీస్తే గంపెడు తీసినా గుండిగ అడుగున మాడిన సంగతి తెలియదు.

ఓటర్లలో ఎవరికైనా సమానంగా అవకాశం దక్కేలా ఎంచుకుంటే 1,000 మంది జవాబులే ఒక పార్టీ ఓటు శాతాన్ని, నూటికి 95 సార్లు, అటూ ఇటూ 3 శాతం తేడాలో పట్టిస్తాయి. రెండు పార్టీల మధ్య ఆధిక్యాన్ని చెప్పేటప్పుడు ఆ తేడా దాదాపు రెట్టింపవుతుంది. పత్రికల శీర్షికల్లో ఈ మాట కనిపించకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఫోన్ సర్వేకు అసలు కష్టం ఫోన్ ఎత్తనివారితోనే. అమెరికాలో ప్యూ రిసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ ఫోన్ సర్వేలకు 1997లో నూటికి 36 మంది జవాబిచ్చేవారు. 2018 నాటికి అది 6కు పడిపోయింది. మన దేశంలో ఫోన్ చేతిలో ఉండడమే ఒక ప్రశ్న. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ల మహిళలలో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవారు 54 శాతమే. మహిళల జవాబులు తక్కువ వస్తే వచ్చిన వాటికే ఎక్కువ బరువు వేసి, అంటే ఒక్కో జవాబును ఒకటి కంటే ఎక్కువగా లెక్కించి, లెక్కను సరిచేస్తారు. అయితే సొంత ఫోన్ ఉన్న ఉద్యోగినీ, ఫోన్ లేని వ్యవసాయ కూలీ ఒకే తీరుగా ఓటేస్తారన్న ఊహ మీదే ఆ దిద్దుబాటు నిలబడుతుంది. ఆ ఊహ తప్పితే ఎంత బరువు వేసినా ఫలితం లేదు.

మీ సంగతి దీనికి తోడయ్యే మరో చిక్కు. నంబరును బట్టి అది ఏ రాష్ట్రంలో తీసుకున్న సిమ్మో ఊహించవచ్చు గాని, ఓటు ఏ నియోజకవర్గంలో ఉందో తెలియదు. ఓటరు జాబితాలో పేరు ఉన్నదా, ఎక్కడ ఉన్నది అని మొదటే అడగని సర్వేలో మదనపల్లె ఓటరు, మారతహళ్లి ఉన్న మహదేవపుర నియోజకవర్గపు ఓటరుగా చేరిపోతారు. ఇంటింటికీ వెళ్లే సర్వేలో ఓటరు జాబితా నుంచే పేర్లు ఎంచుకునే వీలుంది, చీటీ మీద గుర్తు పెట్టి పెట్టెలో వేయించవచ్చు కూడా. ఖర్చూ సమయమూ తగ్గుతాయి గనుక ఫోన్ వైపు మొగ్గుతారు.

ఓటు శాతం సరిగ్గా దొరికినా సీట్లు సరిగ్గా రావు. కర్ణాటకలో భారతీయ జనతా పార్టీకి 2018లో సుమారు 36 శాతం ఓట్లతో 104 సీట్లు వచ్చాయి; 2023లో దాదాపు అంతే శాతంతో 66 వచ్చాయి. ఎదుటి పక్షం ఓట్లు ఎలా చీలాయి, ఎలా కూడాయి అన్నదాని మీద సీట్ల లెక్క ఆధారపడుతుంది. ఫలానా పార్టీకి 112 నుంచి 116 సీట్లు అని ఇరుకైన అంకెలు చెప్పే ఫోన్ సర్వేను నేను నమ్మను. రెండు పక్షాల మధ్య పది శాతం దాకా అంతరం ఉందని పలు సర్వేలు వేర్వేరు పద్ధతుల్లో చెబితే, గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకోవడానికి అంతవరకు తీసుకుంటాను.

మళ్లీ అటువంటి కాల్ వస్తే, మీ ఓటు ఎక్కడున్నదో చెప్పే అవకాశం అందులో ఉందేమో చూడండి. లేకపోతే ఏ అంకె నొక్కకుండా కాల్ పెట్టేయండి.