శ్రీశైలం రోడ్డులో చీకటి పడ్డాక జింకలు అడ్డొస్తాయా? వస్తే బ్రేకా, స్టీరింగా?

కార్తీకమాసంలో ఆఫీసు నుంచి కాస్త ముందే బయటపడి, సాయంత్రం నాలుగింటికి హైదరాబాదులో బయల్దేరి, ఇంట్లో పెద్దవాళ్ళను శ్రీశైలం తీసుకెళ్దామనుకుంటున్నానని రాశారు. నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు ఫారెస్ట్ గేటు రాత్రి తొమ్మిదికి మూసేలోపు దాటేస్తే భయం లేదా, జింక అడ్డొస్తే ఏం చేయాలి అని మీ ప్రశ్న.

గేటు దాటడానికి టైము సరిపోతుంది. కానీ మీరు అడవిలో ఉండే టైమే జింకలు రోడ్డు మీదికి వచ్చే టైము. నాది అచ్చంపేట వైపు ఊరు, ఉద్యోగం హైదరాబాదులో. ఆ దారిలో ఏ వేళకు ఏం కనిపిస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు మూసేది జంతువుల కోసమే. అందుకని తొమ్మిదిలోపు ప్రమాదం లేదని చాలామంది అనుకుంటారు. జింకలకు గేటు టైమింగులతో ఏం పని? అవి మేతకు బాగా కదిలేది సందె వేళ, మళ్ళీ తెల్లవారుజామున. కార్తీకంలో ఐదూముప్పావుకల్లా పొద్దు గుంకుతుంది. నాలుగింటికి బయల్దేరితే తుక్కుగూడ, కడ్తాల్, డిండి దాటి మన్ననూరు చేరేసరికి ఏడవుతుంది. అక్కడి నుంచి అడవి అవతలి కొసన ఉన్న దోమలపెంట దాకా అరవై కిలోమీటర్ల చిల్లర అమ్రాబాద్ పులుల అడవి. గంటకు 30 మించొద్దని బోర్డులుంటాయి. ఆ లెక్కన రెండు గంటలు చీకట్లోనే పోవాలి. గేటు మూస్తారన్న కంగారులో ఎవరూ 30లో పోరన్నది వేరే సంగతి.

హైదరాబాదులో పెరిగినవాళ్ళకు జింకంటే వనస్థలిపురం హరిణ వనస్థలిలో కంచె వెనక కనిపించేదే. నల్లమలలో కంచె లేదు, జింకలూ ఒక రకం కాదు. ఎక్కువగా కనిపించేది చుక్కల దుప్పి, అది మామూలుగా గుంపుగానే ఉంటుంది. కణుజు (సాంబర్) పెద్దది. పోతు కణుజు రెండొందల కిలోలు దాటుతుంది, ముదురు గోధుమ రంగు కాబట్టి చీకట్లో దగ్గరికొచ్చేదాకా ఆనదు. కాళ్ళు పొడుగు. కారు బంపరు కాళ్ళకు తగిలితే ఒళ్ళంతా బానెట్ మీదుగా అద్దం మీదికి వస్తుంది. పైగా కార్తీకం దాని జతకట్టే కాలంలో పడుతుంది, అప్పుడు పోతులు ఆడవాటి వెంట తిరుగుతూ ఉంటాయి. వానలు వెనకబట్టాక రోడ్డు పక్కన పచ్చిగడ్డి కూడా బాగా ఉంటుంది, చెట్ల నీడలో లేని గడ్డి. దాని కోసం గుంపులు అంచుదాకా వస్తాయి.

అడవి మొదలవక ముందే జాగ్రత్తపడాల్సిన చోటు ఒకటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. డిండి దాటాక అచ్చంపేట వైపు రోడ్డుకు రెండు పక్కలా పల్లిచేలు, పత్తిచేలు. యాసంగి పల్లి మొలకెత్తిందంటే అడవి పందులు, దుప్పులు చేలమీద పడతాయి. అక్కడ రోడ్డు సాఫీగా ఉంటుంది, అందరూ ఎనభై, తొంభైలో పోతుంటారు. లైట్లు లేక రైతులు పెట్టుకున్న కాపలా మంచెలు కూడా తెలియవు.

ఇప్పుడు అసలు విషయం. రోడ్డు దాటిన జింకను చూసి ఊపిరి పీల్చుకోకండి. ప్రమాదం దాని వెనక వచ్చేదానితో.

ఒకసారి మా బావ కారు నడుపుతుంటే వటవర్లపల్లి దగ్గర ఓ ఆడదుప్పి చెంగున దాటిపోయింది. "పోయింది కదరా" అని మళ్ళీ యాక్సిలరేటర్ మీద కాలేశాడు. "ఆగు బావా, ఇంకా ఉంటయి" అన్నాను. వరుసగా రెండు దాటాయి. ఆగి, ఆగి, ఇక ఏమీ లేవనుకున్నాక ఓ పిల్ల వచ్చింది. రోడ్డు మధ్యలో నిలబడి మా లైట్ల వైపే చూసింది, కదల్లేదు. బావ లైట్లు డిమ్ చేశాక గానీ పోలేదు. ముందుపోయిన తల్లి అవతల ఉంటే పిల్ల ఇవతల ఉండదు, కారు వస్తున్నా సరే దాటేస్తుంది. గుంపు రెండు ముక్కలైతే వెనకవాటికి ఆత్రం ఎక్కువ.

అలా నిలబడిపోవడం దాని మూర్ఖత్వం కాదు. జింక కన్ను తక్కువ వెలుతురులో చూడ్డానికి తయారైంది, లోపల అద్దంలాంటి పొర ఉంటుంది. దూరం నుంచి కళ్ళు మెరిసేది దానివల్లే. హైబీమ్ నేరుగా పడితే దానికి ఏమీ కనిపించదు. కాబట్టి ఎదురుగా వాహనం లేనప్పుడు హైబీమ్ వేసుకోండి, రోడ్డు అంచుల్లో మెరుపు కనిపించిందా వెంటనే వేగం తగ్గించి డిమ్ చేయండి. మెరుపులు జంటలుగా ఉంటాయి, ఒక జంట కనిపిస్తే ఇంకొన్ని వెతకండి.

బ్రేకా, స్టీరింగా అంటే, బ్రేకే. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నేరుగా, పూర్తిగా తొక్కండి. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండి అయితే పెడల్ కింద దడదడలాడుతుంది, వదలొద్దు. జింకను తప్పించబోయి కుడికి కోస్తే ఎదురుగా ఆర్టీసీ బస్సు ఉండొచ్చు, ఎడమకు కోస్తే చెట్టు లేదా లోయ. ఆ ఘాట్ రోడ్డులో జింకను గుద్దడం కన్నా ఆ రెండూ ఘోరం. అయితే బ్రేకు పనిచేయాలంటే ముందు వేగం తక్కువ ఉండాలి. 80లో సెకనుకు 22 మీటర్లు పోతారు. చూసి కాలు పెట్టేలోపే ముప్పై మీటర్లు అయిపోతాయి, ఆగేసరికి మొత్తం డెబ్బై దాకా. లోబీమ్ వెలుతురు అంత దూరం పడదు, అంటే లైటులో జింక కనిపించేసరికే ఆలస్యమైపోయింది. 30లో అయితే ఇరవై మీటర్లలోపే ఆగుతుంది. బోర్డు మీద ఆ అంకె ఊరికే రాయలేదు.

బంపరుకు బిగించే జింక విజిల్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. డబ్బు దండగ. బైకు మీద వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం సందె వేళ వద్దేవద్దు, దుప్పి పిల్ల తగిలినా బైకు నిలవదు.

కోతులకు అరటిపళ్ళు వేయడానికి బండ్లు ఆపుతారు చూడండి, దాని మీద నాకు పీకలదాకా కోపం. తిండి కోసం కోతులు రోడ్డు పట్టుకునే కూర్చుంటాయి, ఆగిన కార్ల పక్కనుంచి దూసుకొచ్చే బండికి ఏం దాటుతున్నదో కనిపించదు. పుణ్యం కావాలంటే గుళ్ళో వేయండి.

ఒకవేళ తగిలిందే అనుకోండి. బండి పక్కకు తీసి హజార్డ్ లైట్లు వేయండి. మనుషులకు దెబ్బ తగిలితే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, దగ్గర్లో ఫారెస్ట్ చెక్‌పోస్టు ఉంటే అక్కడ చెప్పండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, వెళ్తున్న బస్సు డ్రైవరుతో కబురు పంపొచ్చు. కింద పడ్డ జింక దగ్గరికి వెళ్ళొద్దు, నీళ్ళు తాగించొద్దు, ఎత్తొద్దు. మనిషి చేయి తగిలిన భయానికే అవి చచ్చిపోవచ్చు, లేచిందంటే కొమ్ములతో, గిట్టలతో కొడుతుంది. చనిపోతే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది ప్రభుత్వ సొత్తు. మాంసం కోసం ఎవరైనా మూగితే మీరక్కడ కలగజేసుకోకండి, మీ డిక్కీలో మాత్రం పెట్టనివ్వకండి.

నా మాట వింటే తెల్లారి ఐదున్నర, ఆరు మధ్య హైదరాబాదులో బయల్దేరండి. తొమ్మిదికి మన్ననూరు. ఎండెక్కాక దుప్పులు నీడకు పోతాయి, పెద్దవాళ్ళకు దారిలో వచ్చే ఫరహాబాద్ దగ్గర అడవి కూడా కనిపిస్తుంది. బయల్దేరే ముందు ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే జంతువు తగిలి మీ బండికి అయిన నష్టానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే వస్తుంది, కాకపోతే ఫొటోలు తీసి పెట్టుకుని, బాగుచేయించక ముందే కంపెనీకి చెప్పాలి.