భయం కంచంలోనే ఉండాలి

అమ్మాయీ,

నీ హారర్ కామెడీ స్క్రిప్టులో రెండో పేజీకే రక్తం కారింది, మూడో పేజీలో జోకు పడింది. రెండూ తేలిపోయాయి. తిరగరాసే ముందు బాబ్ బాలబన్ తీసిన ‘పేరెంట్స్’ (1989) చూడు. వచ్చినప్పుడు జనం పెద్దగా పట్టించుకోని సినిమా.

కథ 1950ల అమెరికాలో, ఊరి శివారు కాలనీలో నడుస్తుంది. తండ్రిది కంపెనీలో అడవుల ఆకు రాల్చే మందు తయారుచేసే ఉద్యోగం. పిల్లాడు మైకేల్ నోరు విప్పడమే తక్కువ. రోజూ బల్ల మీదికి మాంసం వస్తుంది. ఏమిటని అడిగితే మిగిలిపోయిన కూర అంటారు. మిగలకముందు అదేమిటి, మనిషి మాంసమా అన్నది వాడి సందేహం.

ఆ భోజనం సీను ఆపి ఆపి చూడు. కాగితం మీద మూడు గళ్లు గీసి, ఎవరేమన్నారు, కంచంలో ఏముంది, ఎవరి చూపు ఎక్కడుంది రాసుకో. మాటల గడి చదివితే చక్కటి కుటుంబం. భయమంతా మిగతా రెండు గళ్లలోనే ఉంటుంది. నవ్వు కూడా అక్కడిదే, ఎందుకంటే అమ్మానాన్నలు మర్యాద తప్పరు. మంచి ఇంట్లో కొన్ని అడక్కూడదన్న పద్ధతి మీదే వ్యంగ్యమంతా. ఇక ఆ తండ్రి ఉద్యోగం ఊరికే పెట్టింది కాదు. ఆఫీసులో విషం కలిపి జీతం తెచ్చుకుంటే పెద్దమనిషి అనే కాలనీ, అతని వంటింట్లోకి తొంగిచూస్తుందా? నీ కథలో తండ్రి ఏం చేస్తాడో చెప్పనే లేదు.

పిల్లాడు లేని గదిలోకి నువ్వూ వెళ్లకు. తలుపు సందులోంచి వాడికి కనబడినంతే రాయి. మైకేల్‌కి మంచమే రక్తపు మడుగైనట్టు కల వస్తుంది. ఆ తర్వాత వాడేం చూసినా నిజమో కాదో మనకి తేలదు. ఆ అనుమానం ఉన్నంతసేపే సినిమాకి ప్రాణం. చివర్లో కత్తులూ పరుగులూ మొదలయ్యాక అది మామూలు హారరే, నా లెక్కలో. ఆఖర్న తాతా నానమ్మా మనవడి కోసం పెట్టి వెళ్లే శాండ్‌విచ్చే మళ్లీ పరువు నిలబెట్టింది.

నీ పది పేజీల్లో మూడు భోజనాలు చాలు. మొదటిదాంట్లో అందరూ తింటారు. రెండోదాంట్లో పిల్లాడు తినడు, ఎవరూ కోప్పడరు. మూడోది ఎనిమిదో పేజీ దాటాక, వడ్డించేది పిల్లాడే. ‘భయంకరమైన మాంసం’ లాంటి మాటలు కొట్టెయ్. ముక్క రంగు, పులుసు చిక్కదనం, ఎముక ఉందా లేదా రాస్తే సరిపోతుంది. జోకులన్నీ తీసేశాక పంపు, చూస్తాను.