రొయ్యల డబ్బుతో చక్రాల గది

ప్రశ్న: మాది కోనసీమలో సముద్రం వైపు పల్లెండి. నా వయసు 37. మా బావమరిదితో కలిసి రెండున్నర ఎకరాల వనామి రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాను, చెరి సగం. మొన్నటి పంట బాగా వచ్చింది. అన్నీ పోను నా వాటా కింద బ్యాంకులో 3,80,000 ఉన్నాయి. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 14,000. పిల్లలకు 9, 5 ఏళ్లు. అమ్మ మాతోనే ఉంటుంది, ఆవిడకు షుగరు. ఇంటి ఖర్చు నెలకు 32,000 దాకా అవుతుంది. నాకు 25 లక్షల టర్మ్ పాలసీ ఉంది, ఆరోగ్య బీమా ఇంకా తీసుకోలేదు. బొలెరో వెనక తగిలించుకుని మారేడుమిల్లి, లంబసింగి వైపు మట్టి దారుల్లోనూ లాక్కెళ్లేలా టియర్‌డ్రాప్ ట్రైలర్ ఒకటి సొంతంగా కట్టాలని రెండేళ్లుగా డ్రాయింగులు గీస్తున్నాను. లోపల పడక, వెనక డోరెత్తితే వంటగది. డ్రాయింగు, అంచనా జత చేశాను. మొత్తం 3,60,000 అవుతుందని లెక్క తేలింది. 1,60,000 నా డబ్బు, 1,20,000 మా ఆవిడ నగల మీద గోల్డ్ లోన్, మిగతా 80,000 ఒక స్నేహితుడు రెండు రూపాయల వడ్డీకి సర్దుతానన్నాడు. ట్రాక్టరు తొట్లు చేసే షెడ్డులో ఇరుసుకు 15,000 అడ్వాన్సు ఇచ్చేశాను. మేం వాడనప్పుడు దిండి, అంతర్వేదిలో టూరిస్టులకు రాత్రికి 2,500 చొప్పున అద్దెకిస్తే అప్పు దానంతటదే తీరిపోతుంది. గోల్డ్ లోన్ బ్యాంకులో తీసుకోవడం మంచిదా, ఫైనాన్స్ కంపెనీలోనా?

జవాబు: ఎక్కడా వద్దు. మీరడిగిన దానికి జవాబు అంతే.

అయినా ఇంత పొడుగ్గా రాస్తున్నానంటే కారణం మీ ట్రైలర్ కాదు. ‘అన్నీ పోను’ అని రాశారు చూడండి, ఆ రెండు మాటలు. చెరువులు చేసేవాళ్ల దగ్గర నుంచి నాకొచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా ఆ రెండు మాటలే ఉంటాయి. కొందరు ‘అన్నీ పోను’ కారు కొంటారు, కొందరు మేడ మీద ఇంకో శ్లాబు వేస్తారు. రొయ్యల పట్టుబడి అయ్యాక లారీ వెళ్లిన వారానికే ఖర్చు మొదలవుతుంది. ఆరు నెలలు తిరగ్గానే అదే మనిషి సీడ్ (రొయ్య పిల్లల) డబ్బుల కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి నోటు రాస్తాడు.

అన్నీ పోలేదండీ. తర్వాతి పంట ఇంకా పోలేదు. లీజు రెండో వాయిదాలో మీ సగం, చెరువు ఎండగట్టి దున్ని సున్నం చల్లే ఖర్చు, సీడు, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల రిపేర్లు, జనరేటరుకు డీజిలు ఉన్నాయి. మేత అరువుకు వస్తుందనే అనుకుందాం. మిగతావి మీ వాటాకు 1,70,000కు తగ్గవు. మీ చేతిలో ఉన్నది నిజానికి 2,10,000. ఆ 1,70,000 మీ ఖాతాలో విశ్రాంతి తీసుకుంటున్న చెరువు డబ్బు, మీది కాదు.

సరే, 2,10,000 మీదే. దాన్ని కూడా ముట్టుకోవద్దంటున్నాను.

నెల జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టమని చెబుతుంటాను. మీకు ఆరు చాలదు, తొమ్మిది కావాలి. ఎందుకంటే వనామి పంట చేతికి రావడానికి 100 నుంచి 120 రోజులు పడుతుంది. అరవయ్యో రోజున వైట్ స్పాట్ (తెల్ల మచ్చల జబ్బు) కనబడితే రొయ్య చిన్నగా ఉండగానే అయినకాడికి పట్టేసుకోవాలి. ఆ చెరువు ఆరబెట్టి, మళ్లీ సీడు వదిలి, మళ్లీ పట్టుబడి దాకా లెక్కపెట్టండి. ఇంట్లోకి రూపాయి రాని కాలం ఏడెనిమిది నెలలు తేలుతుంది. అదీ రెండో పంట బతికితే. ఒక్క రాత్రి కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే చాలు, తెల్లారేసరికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మీ ఆవిడ జీతం ఉందిగా అంటారేమో. ప్రైవేటు స్కూళ్లలో వేసవి సెలవులకు ఎంతమందికి జీతం చేతికొస్తుందో ఆవిడనే అడగండి. ఆ 14,000ను నా లెక్కలో కలపను.

నెలకు 32,000 చొప్పున తొమ్మిది నెలలకు 2,88,000. మీ దగ్గరున్నది 2,10,000. అంటే ట్రైలర్‌కు 1,60,000 ఉన్నాయనుకున్న మీకు, ఆపదకు దాచుకోవాల్సిన దాంట్లోనే ఇప్పటికే 78,000 తక్కువ. ఈ ఒక్క లెక్క పెద్ద అంకెలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

మన దగ్గర ఆపద ఒక్క దారినే రాదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిందన్న వార్త వచ్చిన నాడు చెరువులో రొయ్యకు ఏ జబ్బూ లేదు, ధరకు వచ్చింది జబ్బు. 1996 నవంబరు 6న తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని నేలకేసి కొట్టినప్పుడు మీరు చిన్నపిల్లాడై ఉంటారు, మీ అమ్మగారికి మాత్రం గుర్తుంటుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో పశువుల్ని గట్టు మీదికి తోలుకొచ్చిన వాళ్లు అప్పుడు బ్యాంకుకు వెళ్లి గోల్డ్ లోన్ ఎక్కడ మంచిదో కనుక్కోలేదు. వాళ్లకు ఆ వారం చేతిలో నోట్లు కావాలి. అందుకే ఈ డబ్బును ఫండ్లలో పెట్టమనను, చీటీ పాడమనను. సగం సేవింగ్స్ ఖాతాలో, సగం ఎప్పుడంటే అప్పుడు తెంపుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్లో, అంతే.

ఇక మీ అప్పుల సంగతి. స్నేహితుడిచ్చే 80,000కు ఏడాదికి 19,200 వడ్డీ. ‘రెండు రూపాయలు’ అంటే చిన్నగా వినబడుతుంది, 24 శాతం అంటే గుండె ఝల్లుమంటుంది. రెండూ ఒకటే. గోల్డ్ లోన్ 10 శాతానికే దొరికిందనుకున్నా 12,000. రెండూ కలిపి 31,200. ఇప్పుడు మీ అద్దె లెక్క చూద్దాం. వానలు తగ్గి, ఉక్కపోత మొదలయ్యే లోపు మన తీరంలో బయట పడుకోగలిగేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకానే. పద్నాలుగు వారాంతాలు. సగం నిండాయనుకుందాం, వారాంతానికి రెండు రాత్రులు. 14 రాత్రులకు 35,000. దుప్పట్లు ఉతికించి, గ్యాసు నింపించి, విరిగిన గొళ్లెం మార్పించాక వడ్డీకి బొటాబొటిగా సరిపోతుంది. రెండు లక్షల అసలు అలాగే కూర్చుని ఉంటుంది. మీరు చెప్పిన ‘దానంతటదే’ ఎక్కడుంది?

ఏడాది గడువుతో తీసుకున్న గోల్డ్ లోన్ గడువు, పంట పోయిన ఏడాదే తీరుతుంది. ఇది శాపం కాదు, పంట బాగున్న ఏడాది ఎవరికీ ఆ గడువు గుర్తుండదు కాబట్టి. వేలం నోటీసు మాత్రం మీ ఆవిడ నగల పేరు మీదే వస్తుంది.

నాకు ట్రైలర్ల మీద కోపమేం లేదు. మారేడుమిల్లిలో వానలో గుడారం వేసుకుని, బొంగులో చికెన్ తిని, తెల్లారి కాళ్లకు పట్టిన జలగల్ని లెక్కపెట్టుకున్నవాణ్ణే. మీ డ్రాయింగు చూసి ముచ్చటేసింది కూడా. 1930లలో మాంద్యం రోజుల్లో అమెరికాలో ఈ టియర్‌డ్రాప్‌లు పుట్టింది తక్కువ ఖర్చుతో తిరగడానికి, జనం ఇంటి షెడ్లలోనే వాటిని కట్టుకున్నారు. మీరు దాన్ని నగలు తాకట్టు పెట్టి కడతానంటున్నారు.

ఒకటి అడుగుతాను. ఈ రకం బండి లోపల వెడల్పు నాలుగైదు అడుగులు. పడుకునేది ఇద్దరు. మీ ఇంట్లో అమ్మగారితో కలిపి ఐదుగురు. ఈ సాయంత్రం మేడ మీద సుద్దతో ఎనిమిదడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గీసి అందర్నీ పడుకోమనండి. ఫొటో పంపినా సరే.

బరువు సంగతి కూడా మీ అంచనాలో సరిగా లేదు. పక్కగోడలకు 18 ఎంఎం మెరైన్ ప్లై అన్నారు. అలాంటి ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి 30 కిలోలకు పైనే తూగుతుంది. వంటగది, గ్యాసు బండ, నీళ్ల ట్యాంకు అన్నీ ఇరుసుకు వెనకే గీశారు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడకపోతే ట్రైలర్ వేగంలో తోకాడిస్తుంది. నీళ్లూ బ్యాటరీ ముందుకు జరపండి. మన ఉప్పుగాలికి చాసిస్‌కు గాల్వనైజింగ్ కావాలి, ప్లై అంచులకు సీలింగ్ కావాలి, స్పేరు టైరు కావాలి, కొండ దారికి పనికొచ్చే కొక్కెం, భద్రతా గొలుసులు, వెనక లైట్ల వైరింగు కావాలి. వీటిలో సగం మీ 3,60,000లో లేవు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు ట్రైలర్ చూడలేదు గానీ, చూసుంటే మూడోది కూడా చేర్చేవాళ్లు. సొంతంగా కట్టే దేనికైనా అసలు ప్రమాదం అదే. సగం లేచాక ఆపబుద్ధి కాదు. అప్పుడు పుట్టే అప్పే అన్నిటికన్నా ఖరీదైనది.

మీరు అసలు ప్రస్తావించనిది చట్టం. ట్రాక్టరు తొట్టికి ట్రాక్టరుతో సంబంధం లేకుండా వేరే నంబరు ఉంటుంది, గమనించే ఉంటారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం లాక్కెళ్లే ట్రైలర్ కూడా వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు, థర్డ్ పార్టీ బీమా లేకుండా అసలెక్కకూడదు. రిజిస్ట్రేషన్‌కు వెళితే తయారీదారు ఇచ్చే ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (రోడ్డుకు పనికొస్తుందన్న సర్టిఫికెట్) అడుగుతారు. మీ ఊరి షెడ్డాయన అవి ఇవ్వగలడా? నంబరు లేని దానికి బీమా దొరకడం కష్టం. అద్దెకు తిప్పితే అది వేరే రకం రిజిస్ట్రేషను, వేరే బీమా. రావులపాలెం దగ్గర హైవే మీద ఆ కొక్కెం ఊడి ఎవరి మీదికైనా వెళితే కోర్టు చెప్పిన పరిహారం మీ ఇల్లమ్మి కట్టాలి. దాని ముందు మీ అత్యవసర నిధి కూడా ఏ మూలకూ చాలదు. కాబట్టి కిలో ఇనుము కొనకముందే డ్రాయింగు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, ఇలాంటి దాన్ని రిజిస్టరు చేస్తారా అని కాగితం మీద అడగండి. కాగితం మీదే. టీకొట్టు దగ్గర ఏజెంటు ‘చూసుకుందాంలే గురువుగారూ’ అన్నది జవాబు కింద లెక్కకాదు.

ఆరోగ్య బీమా ఇంకా తీసుకోలేదని మామూలుగా రాసేశారు. ఇరుసుకు అడ్వాన్సు ఇవ్వడానికి దొరికిన తీరిక దీనికి దొరకలేదా? మీ నలుగురికీ కలిపి ఒక ఫ్యామిలీ ఫ్లోటర్, అమ్మగారికి విడిగా ఇంకోటి ఈ నెలలోనే తీసుకోండి. ఆవిడ షుగరు సంగతి దాచకండి. ముందు నుంచి ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ ఇవ్వని కాలం) గరిష్ఠంగా మూడేళ్లు, మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా అది ముందుకు జరుగుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ 25 లక్షలు ఇద్దరు పిల్లలకు చాలదు, వచ్చే పంటకు పెంచండి.

ఇరుసు అడ్వాన్సు 15,000 వెనక్కి అడగండి. ఇవ్వనంటే తొట్టి చేయించుకునే వాళ్లెవరికైనా ఆ ఇరుసు మళ్లించమనండి. అదీ కుదరకపోతే పోనివ్వండి. 15,000 పోతుందని రెండు లక్షల అప్పు చేసేవాళ్లను చాలామందినే చూశాను.

కొండలకు వెళ్లాలని ఉంటే ఈ చలికాలం బొలెరో వెనక సీట్లు మడిచి పరుపు వేయండి, పిల్లలకు మంచి గుడారం కొనండి. పొలం పాస్‌బుక్కు మీద పంట రుణం తీసి వాడొచ్చా అని చివర్లో చిన్న అక్షరాలతో ఇంకో ప్రశ్న కూడా రాశారు. పంటకిచ్చిన అప్పు పంటకే, దాని మాట ఎత్తకండి.

ట్రైలర్ కట్టే రోజు వస్తుంది. ముందు తక్కువైన 78,000 నిండాలి. ఆ తర్వాత ప్రతి పట్టుబడికీ, తర్వాతి పంట ఖర్చు తీసేశాక మిగిలిన దాంట్లోంచి 50,000 వేరే ఖాతాలో వేయండి. బావమరిదికి కూడా ఆ ఖాతా సంగతి చెప్పకండి. ఏడాదికి రెండు పంటలు పండితే, ఆ 78,000 నిండాక నాలుగో ఏటికి మీ బండి అప్పు లేకుండా తయారవుతుంది. అప్పటికి పిల్లలకు 13, 9 ఏళ్లు దాటేస్తాయి. డ్రాయింగులో పడక కూడా మళ్లీ గీసుకోవాల్సిందే.

మీ ఆవిడ నగలు ఇంకా బీరువాలోనే ఉంటే అక్కడే ఉండనివ్వండి. ఇప్పటికే తాకట్టుకు వెళ్లి ఉంటే ఆ రశీదు మీద గడువు తేదీ ఏముందో రాయండి, వచ్చే పట్టుబడికి ముందే దాన్నెలా విడిపించాలో చూద్దాం.