వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం రాదు

"అన్నా, వైఫై పనిచేయట్లేదు" అని ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్ చేస్తే నేను ముందు అడిగేది ఒకటే. వైఫై పేరే కనిపించట్లేదా? కనిపిస్తున్నా కనెక్ట్ కావట్లేదా? కనెక్ట్ అయ్యాక కూడా పేజీలు రావట్లేదా? ఇది తేలకుండా ఏం చేసినా చీకట్లో బాణం వేసినట్టే.

ఈలోగా రౌటర్ రీసెట్ బటన్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఆ చిన్న కన్నంలో పిన్ను పెట్టి నొక్కి పట్టుకుంటే మీరు పెట్టుకున్న పేరు, పాస్‌వర్డ్, సెట్టింగులు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆపి ఆన్ చేయడం వేరు, రీసెట్ వేరు. మోడెమ్ (బయటి నుంచి నెట్ తెచ్చే డబ్బా), యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే డబ్బా, చాలా ఇళ్ళలో రౌటరే) రెండూ ఆపేయండి. ముందు మోడెమ్‌ని ఆన్ చేసి, దాని లైట్లు కుదురుకున్నాక యాక్సెస్ పాయింట్‌ని ఆన్ చేయండి. సగం గొడవలు అక్కడే తీరతాయి.

ఇండియా నుంచి తెచ్చుకున్న రౌటర్ పేరు మీ పాత ఫోన్‌లో కనిపిస్తుంది, అమెరికాలో కొన్న లాప్‌టాప్‌లో కనిపించదు. చాలాసార్లు కారణం ఛానల్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి నంబర్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇండియాలో 13వ ఛానల్ దాకా వాడతారు, అమెరికా పరికరాలు మామూలుగా 11 దగ్గరే ఆగిపోతాయి. రౌటర్ సెట్టింగుల్లో దేశాన్ని మీరు ఉంటున్న దేశానికి మార్చండి, అది చట్టప్రకారం కూడా అవసరమే. ఛానల్ 1, 6, 11లో ఒకటి పెట్టండి, ఇవి ఒకదానితో ఒకటి కలవవు. 5 గిగాహెర్ట్జ్ ఉన్నట్టుండి మాయమై కాసేపటికి వస్తుంటే 52 నుంచి 144 మధ్య ఛానల్లో ఉందేమో చూడండి. అక్కడ రాడార్ తగిలితే యాక్సెస్ పాయింట్ ఛానల్ ఖాళీ చేయాల్సిందే, ఇంకో అలాంటి ఛానల్‌కి వెళ్తే అక్కడ రాడార్ లేదని కనీసం నిమిషం విని గానీ మొదలుపెట్టదు. 36కి మారిస్తే ఆ బెడద ఉండదు.

పేరు కనిపిస్తున్నా లోపలికి రానివ్వకపోతే ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని "ఫర్గెట్" కొట్టి మళ్ళీ కలపండి. ప్రింటర్ ఒక్కటే మొరాయిస్తే, అది 2.4 మాత్రమే పట్టే రకమో, డబ్ల్యూపీఏ3 (కొత్త రకం వైఫై భద్రత) రాని పాతదో అయ్యుంటుంది. స్టూడెంట్స్‌కి ఒక మాట: ఎడ్యురోమ్‌లో (యూనివర్సిటీల ఉమ్మడి వైఫై) యూజర్‌నేమ్ అంటే ఐడీ ఒక్కటే కాదు, ఆ తర్వాత @, యూనివర్సిటీ డొమైన్ కూడా ఉండాలి. హాస్టల్లో మ్యాక్ అడ్రస్ (పరికరానికి ఉండే గుర్తింపు నంబర్) రిజిస్టర్ చేయమంటే, ఫోన్‌లో "ప్రైవేట్ అడ్రస్" ఆపి అసలుది ఇవ్వండి.

ఎక్కువమందికి టెన్షన్ తెచ్చేది మూడోదే, కనెక్ట్ అయ్యాక కూడా పేజీలు రాకపోవడం. వైఫై గుర్తు నిండుగా ఉంటే ఫోన్‌కీ డబ్బాకీ మధ్య సిగ్నల్ బాగుందనే అర్థం, డబ్బాకి బయటి ప్రపంచంతో సంబంధం ఉందో లేదో అది చెప్పదు. విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. వైఫై కింద 169.254తో మొదలయ్యే అడ్రస్ ఉంటే, మీ లాప్‌టాప్‌కి అడ్రస్ ఇచ్చేవాళ్ళు దొరక్క తనే ఒకటి పెట్టుకుందన్నమాట. 192.168తోనో 10తోనో మొదలైతే అక్కడే కనిపించే "డిఫాల్ట్ గేట్‌వే" నంబర్‌ని (మామూలుగా మీ రౌటర్ అడ్రస్) పింగ్ చేయండి, అంటే ping అని కొట్టి పక్కన ఆ నంబర్ ఇవ్వండి, తర్వాత 8.8.8.8ని (బయట ఉన్న గూగుల్ సర్వర్). మొదటిదే పలకకపోతే గొడవ ఇంట్లోనే ఉంది. మొదటిది పలికి రెండోది పలకకపోతే, ఎక్కువగా మోడెమ్ దగ్గరో ఆ పైనో. రెండూ పలికినా పేజీలు రాకపోతే డీఎన్ఎస్‌ని, అంటే సైట్ల పేర్లని అడ్రస్ నంబర్లుగా మార్చే ఏర్పాటుని అనుమానించండి.

ప్రొవైడర్ డబ్బాలోనే వైఫై ఉన్నా, దాని వైరుని సొంత రౌటర్ ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు తగిలించే పోర్టు) పెట్టేవాళ్ళు చాలామంది. అప్పుడు రెండూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడతాయి. ఒకరోజు బాగుంటుంది, మర్నాడు ఒక ఫోన్‌కి వస్తుంది, ఇంకోదానికి రాదు. సొంతదాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే అడ్రస్‌లు పంచే పని ఒక్కదానికే మిగులుతుంది.

కస్టమర్ కేర్‌కి చేసేముందు లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కి కలిపి చూడండి. చాలా కేబుల్ మోడెమ్‌లు మొదట తగిలిన పరికరాన్నే గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి, వైరు మార్చాక మోడెమ్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయాలి. అప్పుడూ నెట్ రాకపోతే ఫోన్‌లో మొదటి వాక్యంగా "నేరుగా మోడెమ్‌కి కలిపినా రావట్లేదు" అనే చెప్పండి. "రౌటర్ ఆపి ఆన్ చేశారా" దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టనివ్వకండి.