మార్గరెట్ థాంప్సన్ నాణేల అధ్యయనంలో చేసిన ముఖ్యమైన పని ఏమిటి? ఆమె వేసిన తేదీలు తప్పని అంటారెందుకు?

మార్గరెట్ థాంప్సన్ (1911–1992) న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీలో గ్రీకు నాణేల క్యూరేటర్. ఏథెన్స్ అగోరా (పురాతన సంత చౌక) తవ్వకాల్లో దొరికిన రోమన్, ఆ తర్వాతి కాలాల నాణేలపై ఆమె పుస్తకం 1954లో వచ్చింది. అసలు పేరు తెచ్చింది మాత్రం 1961 నాటి గ్రంథం. ఏథెన్స్ ‘న్యూ స్టైల్’ వెండి నాణేలను ఆమె అందులో వరుసలో పెట్టారు.

ఈ నాణేలకు ఒకవైపు ఎథీనా తల, రెండోవైపు జాడీ మీద నిలబడ్డ గుడ్లగూబ, చుట్టూ అధికారుల పేర్లు. జాడీ మీది అక్షరం నెలను చెబుతుంది: Α నుంచి Μ వరకు 12 నెలలు, అధికమాసం వస్తే Ν. సంవత్సరం మాత్రం ఉండదు! అందుకే ఆమె నాణేలను కొట్టిన అచ్చులను పోల్చారు. ఎథీనా అచ్చు దాగలిలో బిగించి ఉంటుంది కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుంది. సుత్తి దెబ్బ నేరుగా తినే గుడ్లగూబ అచ్చు త్వరగా పాడవుతుంది. ఒకే ఎథీనా అచ్చు రెండు వేర్వేరు జతల అధికారుల నాణేలపై కనిపిస్తే ఆ రెండూ దగ్గరి సంవత్సరాలవి. అచ్చులో పగులు ఎందులో పెద్దదైతే అది తర్వాతిది.

చిక్కు ఇక్కడే. అచ్చులు ముందువెనుకలు చెబుతాయి గానీ తేదీ చెప్పవు. ఆమె ఈ నాణేల ఆరంభాన్ని క్రీ.పూ. 196 దగ్గర పెట్టారు. చరిత్రకారుడు డేవిడ్ లూయిస్ 1962లో దాన్ని సుమారు 30 ఏళ్లు తర్వాతికి, క్రీ.పూ. 164 ప్రాంతానికి జరిపాడు. పొంటస్ రాజు మిత్రిదాతు పేరున్న నాణెం క్రీ.పూ. 87లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌పై చేసిన యుద్ధకాలానికి చెందుతుందన్నది అతని బలమైన వాదన. లంకెబిందెల సాక్ష్యమూ అటే మొగ్గింది. ఆమె వరుస మాత్రం చాలావరకు నిలిచింది.

తోటి నాణేల పండితులు క్రేయ్, మోర్క్‌హోమ్‌లతో కలిసి ఆమె 1973లో తెచ్చిన గ్రీకు నిధుల జాబితా (2,387 నమోదులు) ఇప్పటికీ రోజువారీ పనిముట్టే.