అశోక్‌నగర్ పోతున్న మేనకోడలికి

బిడ్డా,

గ్రూప్-2 కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ పోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. నిరుడు కంచం ముందు కూర్చోబెడితే ముద్ద కలపని పిల్లవు. సంబరమైంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వేళకు తిను, పడుకో, సాయంత్రం కాసేపు నడువు. ఇవి నీకు తెలిసినవే.

నాకూ ఈ డిప్రెషన్ జబ్బు వచ్చిందని నీకు తెలుసు. రెండోసారి ఎందుకు తిరగబెట్టిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు గోలీలు మింగాక మనసు తేలికైంది. తగ్గిపోయిందనుకుని మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు, పాత గుమస్తా పనికే పోయాను. కాంటా దగ్గర హమాలీ నలభై మూడున్నర అని అరుస్తాడు. అది రాసేలోపు రైతు పేరు పోయేది. పేరు గుర్తుకొస్తే తూకం పోయేది. ఒకరోజు ఒక ముసలాయన ఏడు బస్తాలు ఇంకొకరి తక్‌పట్టీలో, అంటే లెక్క చీటీలో, ఎక్కించాను. ఆయన పొద్దుగూకేదాకా గడపలో కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడంతే. ఈ గోలీలే నా బుర్ర చెడగొట్టాయనుకుని, ఎవరినీ అడక్కుండా మానేశాను. ఉగాదికి మళ్లీ మంచం పట్టాను. మీ అత్త గొలుసు అప్పుడే పోయింది.

తర్వాత డాక్టర్ చెప్పాడు. పని చేస్తున్నంతసేపు నాలుగు ముక్కలు మనసులో పట్టుకుని ఉండే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారట. ఎవరికైనా అది చిన్న జాగానే. డిప్రెషన్‌లో ఒకటే ఆలోచన తిరుగుతూ ఆ జాగా కూడా తినేస్తుంది. దిగులు ముందు తగ్గుతుంది, ఈ పట్టు చాలామందికి ఆలస్యంగా వస్తుంది. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

పది గంటల టైంటేబుల్ వేసుకున్నావట, పిచ్చిదానా. అరగంట చదివి లే. పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాయి. లెక్కలు తలలో చేయకు, మధ్యలో వచ్చే అంకెలు పక్కన వేసుకో. మెమరీ పెంచుతామనే ఫోన్ ఆటలకు డబ్బులు కట్టకు, ఆ ఆటలోనే ఆరితేరతావు, పాలిటీ సబ్జెక్టు అట్లాగే ఉంటుంది. మాక్ టెస్టులో మార్కులు తగ్గాయని రాత్రంతా ఏడవకు.

మరుపు ఎక్కువైతే డాక్టర్‌కు చెప్పు. మందు వల్లయితే మార్చాల్సింది ఆయనే, నువ్వు కాదు. అర్ధరాత్రి గుబులైతే నాకు చెయ్యి, ఎత్తుతా. నేను ఎత్తకపోతే టెలిమానస్ 14416కు చెయ్యి, మనసు బాధలకు సర్కారు నడిపే ఫోన్ లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు.

సింగిల్ రూమ్ మాత్రం తీసుకోకు. కిరాయి కోసం కాదు చెప్పేది.

మీ అత్త సకినాలు చుడుతోంది. కాజీపేట స్టేషన్‌కు నేనే తెస్తా, ఏ బండికో చెప్పు. పైలం బిడ్డా.

మీ మామ