మా మాట వినకుండానే ఇల్లు ఖాళీ చెయ్యమని ఆర్డరా?

ప్రశ్న: ఇల్లు తనఖా పెట్టి లోన్ తీసుకున్నాం, మావారి ఉద్యోగం పోయాక కిస్తీలు ఆగిపోయాయి. ముందు ఒక నోటీసు వచ్చింది, కొన్నాళ్లకి ఇంకోటి తలుపుకి అంటించి పేపర్లో కూడా వేశారు. ఇప్పుడు ఒక లాయర్ గారు వచ్చి నన్ను కోర్టు కమిషనర్‌గా వేసింది, ఫలానా తారీఖుకి ఖాళీ చెయ్యండి అంటున్నారు. మాకు సమన్లే రాలేదు సార్, వాయిదాకి పిలవనే లేదు. సివిల్ కోర్టులో స్టే తెచ్చుకోవచ్చా?
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు స్టే సంగతి. సివిల్ కోర్టుకి వెళ్లకండి, ఖర్చు దండగ. తనఖా ఆస్తిని బ్యాంకులు నేరుగా స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టం ఉంది, దాని 34వ సెక్షన్ ఆ దారి దాదాపు మూసేసింది. ఇంజంక్షన్ వేసేయండి అని చుట్టాల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, అననివ్వండి.

మిమ్మల్ని పిలవలేదన్న బాధ అర్థమైంది, కానీ ఆ ఆర్డర్ మీ బాకీ మీద ఇచ్చిన తీర్పు కాదు. 2002లో వచ్చిన ఈ చట్టం ప్రకారం బ్యాంకు అసలు దావా వెయ్యక్కర్లేదు, కిస్తీ 90 రోజులు దాటి ఆగితే అకౌంట్ ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది, 13(2) కింద 60 రోజుల నోటీసు ఇస్తారు, అప్పటికీ కట్టకపోతే 13(4) కింద కాగితం మీద పొజెషన్ తీసుకుంటారు, మీ తలుపుకి అంటించింది అదే. నిజంగా తాళం వెయ్యడానికి సాయం కావాలంటే 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ దగ్గరికో కలెక్టర్ దగ్గరికో వెళ్తారు, అక్కడ బ్యాంకు అఫిడవిట్ సరిగ్గా ఉందా లేదా అన్నంతవరకే చూస్తారు, అందుకే మీకు కబురు రాలేదు.

మీరు మాట్లాడాల్సిన చోటు డీఆర్టీ, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్. 17వ సెక్షన్ కింద 45 రోజుల్లో వెయ్యాలి, తలుపుకి కాగితం అంటించిన రోజు నుంచి లెక్క. అది దాటిపోయినా చేతులెత్తెయ్యకండి, ఇప్పుడు ఇల్లు స్వాధీనం చేసుకోవడం మీద కూడా వెళ్లొచ్చు, లాయర్‌ని రేపటికి వాయిదా వెయ్యకుండా ఇవాళే కలవండి. డబ్బు కడితేనే పిటిషన్ తీసుకుంటాం అనే షరతు 2004లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది, కాకపోతే స్టే ఇచ్చేటప్పుడు కొంత కట్టమనడం మామూలే, ఆ డబ్బు చూసుకుని వెళ్లండి.

వెళ్లేముందు కాగితాలన్నీ మంచం మీద పరిచి చూడండి. మీరు కూడా లోన్‌లో సంతకం పెట్టుంటే 60 రోజుల నోటీసు మీ పేరునా వచ్చిందా? పోస్టు కవరు మీద స్టాంపు తేదీ ఎంత? అభ్యంతరం రాసి పంపుంటే 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇచ్చారా? పొజెషన్ నోటీసు వారంలోగా రెండు పేపర్లలో, అందులో ఒకటి స్థానిక భాషలో, వేశారా? డీఆర్టీలో బలం ఈ తప్పుల్లోనే ఉంటుంది, కష్టాలు చెప్పుకుంటే జాలిపడతారేమో గానీ ఆర్డర్ రాదు. ఇంకో మాట, అసలూ వడ్డీ కలిపిన మొత్తంలో బాకీ 20 శాతం కన్నా తక్కువ మిగిలుంటే ఈ చట్టమే వర్తించదు.

నన్నడిగితే కేసు కన్నా ముఖ్యం వేలం నోటీసు పేపర్లో పడకముందు ఏం చేస్తారన్నది. 2016 సవరణ తర్వాత, మొత్తం బాకీ ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఆ ప్రకటన వచ్చేదాకానే. అంత డబ్బు లేకపోతే బ్యాంకు ఒప్పుకుంటే ఇల్లు మీరే అమ్మి బాకీ తీర్చండి, వేలం కన్నా మంచి రేటే రావచ్చు. వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా మాత్రం అడ్వాన్స్ పుచ్చుకోవద్దు, 13(13) ఒప్పుకోదు. వేలంలో బాకీ పోను మిగిలింది మీకే ఇవ్వాలి, తక్కువొస్తే ఆ తేడా కోసం మళ్లీ మీ మీదకే వస్తారు.

కమిషనర్ గారితో గొడవ పడకండి, ఆర్డర్ కాపీ అడిగి తీసుకోండి. పిల్లల సర్టిఫికెట్లు, మందులు, బంగారం ముందే బయట పెట్టేసుకోండి, మిగతా సామాను లిస్టు రాసేటప్పుడు పక్కనే ఉండి ఫోన్లో ఫొటోలు తీసుకోండి, సంతకం ఆ లిస్టు చదివాకే పెట్టండి.